మొహం మీదికి రాని నవ్వు

పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పిల్లని చూసి వెళ్తారు. జగపతిరాజుగారు మాత్రం పిల్ల మామ్మగారి మొహం చూసి వెళ్ళాడు! వెళ్ళినవాడు ఊరుకున్నాడా అంటే అదీ లేదు. మర్నాడు పొద్దున్నే మధ్యవర్తి చేత కబురు పంపాడు.

"పిల్ల మాకు నచ్చిందండి. మా మనవడికీ నచ్చిందండి. కానీ ఆ ఇంటి పెద్దావిడకి మేం రావడం ఇష్టం లేనట్టుంది. మేం కూర్చున్నంతసేపూ ఆవిడ మొహంలో నవ్వన్నది లేదు. ఇంటి పెద్దకి ఇష్టం లేని చోట సంబంధం ఏం బావుంటుందండి?"

జగపతిరాజుగారిని తిట్టుకుని లాభం లేదు. భీమవరం పక్క రాజుల ఇళ్ళలో మర్యాదంటే ప్రాణం. వచ్చినవాళ్ళు 'చాలు చాలండి' అని విస్తరికి చేతులు అడ్డం పెడుతుంటే, ఆ చేతుల సందులోంచే ఇంకో రెండు గరిటెలు రొయ్యల వేపుడు వడ్డించి, 'ఏమీ తినలేదండి మీరు' అని నవ్వుతూ నిష్ఠూరమాడాలి. అప్పుడే అది మర్యాద. అలాంటి ఇంటి పెద్దావిడ బిగుసుకుపోయిన మొహంతో కూర్చుందంటే వీధి తలుపు మొహాన వేసినట్టే లెక్క. ఆయన పెరిగిన పద్ధతి అది.

అసలు సంగతి ఏంటంటే, ఆ రోజు ఆ హాల్లో అందరికంటే ఎక్కువ సంతోషపడ్డ మనిషి ఆ మామ్మగారు, బంగారమ్మే. పెళ్ళికొడుకు లోపలికి వస్తూనే, పనమ్మాయి చేతిలోంచి జారబోయిన మంచినీళ్ళ పళ్ళెం పట్టుకుని, తనే అందరికీ గ్లాసులు అందించాడు. ఆ ఒక్క పనికే ఆవిడ మనసులో పందిరి వేసేసి, మనవరాలు శ్రీసత్య పెళ్ళి జరిపించేసింది. లోపల అంత సంబరం! పైన మాత్రం ఏమీ లేదు. కనురెప్ప కూడా సరిగ్గా కొట్టుకోలేదు. 'తినండి బాబూ' అని ఆవిడ అన్న మాట పెదాలు దాటి అవతలి సోఫా దాకా వెళ్ళనే లేదు.

ఆవిడకి జబ్బు. పార్కిన్సన్స్ అంటారు. ముందు కుడి చెయ్యి వణికింది, తరవాత నడక కుంచించుకుపోయింది, ఆ తరవాత మొహం. రాజమండ్రిలో నరాల డాక్టరు, అశ్విని అని చిన్న వయసు పిల్ల, ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పింది.

"అమ్మగారూ, మెదడంటే బొమ్మల్లో ముడతలు ముడతలుగా కనిపిస్తుంది చూశారా, అది పైపొరండి. దాని అడుగున, బాగా లోతులో, ఇంకో పెద్ద సంసారం ఉంటుంది. నడుస్తుంటే చేతులు ఊగడం, రెప్పలు కొట్టుకోవడం, మనకి తెలీకుండానే మొహంలోకి నవ్వు రావడం, ఇలాంటివన్నీ సాఫీగా జరిగేలా చూసేది ఆ కింది భాగాలేనండి. బేసల్ గాంగ్లియా అంటాం. వాటికి అందాల్సిన డోపమిన్ అనే రసాయనం మీకు తగ్గిపోయింది."

"అయితే నాకింక నవ్వు రాదా అమ్మా?"

"లోపల వస్తుందండి. పైకి కనపడదు. ఎవరైనా 'నవ్వండి' అంటే పైపొర ఆర్డరు వేసి పెదాలు సాగదీయగలదు. కానీ అది వేరే దారి. మనసులోంచి దానంతటదే వచ్చే నవ్వుకి దారి కిందనుంచి. మీకు మూసుకుపోతున్నది ఆ దారేనండి."

బంగారమ్మ నీళ్ళు ఆపి వదిలే కాలువ లాకుల దగ్గర పుట్టి పెరిగిన మనిషి. చప్పున అర్థమైపోయింది. "కాలవ నిండా నీళ్ళున్నాయి, లాకు తలుపు లేవట్లేదు. అంతేనా?"

"అంతేనండి! నాకంటే మీరే బాగా చెప్పారు. ఇది పిచ్చి కాదు, అంటుకునేదీ కాదు, చాలామందికి వంశంలో వచ్చేదీ కాదు" అని నవ్వేసింది డాక్టరు.

కొడుకు శ్రీనివాసరాజు నవ్వలేదు. ఆసుపత్రి మెట్లు దిగుతూనే, "ఈ సంగతి మన గుమ్మం దాటకూడదండి అమ్మగారూ" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. మందులకి లోటు చెయ్యడు, అమ్మగారంటే ప్రాణం. కానీ రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటరు ఒక గంట ఆగితే గుండె గుభేలుమనే మనిషి, 'మెదడు జబ్బు' అన్న మాట ఊళ్ళో పడితే పెళ్ళీడు పిల్ల గతేంటని వణికిపోయాడు. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్పాడు. ఊరు నమ్మింది.

ఇప్పుడేమైంది? ఆ దాచినదే కొంప మీదికొచ్చింది.

కబురు విన్న రోజు మధ్యాహ్నం శ్రీనివాసరాజు నిలువుటద్దం తెచ్చి తల్లి ముందు పెట్టాడు. "తాంబూలాలకి వాళ్ళని ఎలాగోలా ఒప్పిస్తానండి. మీరు మాత్రం కొంచెం ప్రాక్టీసు చేయండి. పెదాలు ఇలా... సాగదీయగలరని డాక్టరుగారే అన్నారు కదండీ."

బంగారమ్మ ప్రయత్నించింది. బలమంతా పెట్టి పెదాలు రెండు చెంపలకీ లాగింది. అద్దంలో కనబడ్డ మొహాన్ని చూసి ఆవిడకే భయం వేసింది. పళ్ళు కనపడ్డాయి, కళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. మార్కెట్లో మంచుగడ్డ మీద పడుకున్న చేపకి ఇంతకంటే కళ ఉంటుంది.

"అద్దం తీసెయ్యి" అంది.

"అమ్మగారూ..."

"తియ్యి అబ్బాయ్. సంతోషం లేకపోయినా నవ్వేవాళ్ళు లోకంలో బోలెడుమంది. నాకు సంతోషం ఉంది. దాని మీద ఈ దొంగ నవ్వు తగిలించుకుని కూర్చోను."

శ్రీనివాసరాజుకి విసుగొచ్చింది. "అయితే ఆ రోజు మీరు వెనక గదిలోనే ఉండండి. మోకాళ్ళు బాగా నొప్పిగా ఉన్నాయి, లేవలేకపోతున్నారని చెబుతాను" అనేసి, తల్లి మొహం వంక చూడకుండా చెరువుల మీదికి వెళ్ళిపోయాడు. చూసినా ఏం కనపడదనుకున్నాడో ఏమో!

ఆ మాట బంగారమ్మకి మింగుడుపడలేదు. మనవరాలి తాంబూలాలకి వెనక గదా? ఆ ఇంట్లో ఎన్ని శుభకార్యాలు తన చేతుల మీద జరిగాయి! వెంటనే ఫోను తెప్పించుకుని జగపతిరాజుగారి భార్య శ్యామలాంబతో మాట్లాడింది. ఎత్తూ పల్లం లేని సన్నని గొంతు, గాలిలా వెళ్ళింది. అవతల శ్యామలాంబ 'ఆఁ? ఏంటండీ? వినపడట్లేదండీ' అని అడిగి అడిగి, చివరికి 'సరేలెండి' అని పెట్టేసింది. సాయంత్రానికి మధ్యవర్తి మళ్ళీ వచ్చాడు. ఆవిడ ఫోన్లో కూడా ముభావంగానే మాట్లాడారట, మొక్కుబడికి చేసినట్టుందట!

"వెళ్ళి చెబుతాను" అంది బంగారమ్మ, పక్కనే కూర్చున్న శ్రీసత్యతో. "నా జబ్బేంటో వాళ్ళ ఇంట్లో కూర్చుని నా నోటితో నేనే చెబుతాను. విన్నాక వాళ్ళు వద్దనొచ్చు. మెదడు జబ్బున్న ఇల్లని నీ సంబంధం పోవచ్చు. ఏమంటావు?"

శ్రీసత్యకి ఆ అబ్బాయి నచ్చాడు. పెళ్ళిచూపుల్నుంచీ ఫోను చేతిలోంచి దింపట్లేదు. ఆ పిల్ల ఒక్క క్షణం తల వంచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా.

"పోతే పోనివ్వండి మామ్మగారూ. మిమ్మల్ని గదిలో దాచిపెట్టి చేసుకునే పెళ్ళి నాకొద్దు."

కారు ఉంది, డ్రైవరు ఉన్నాడు. కానీ శ్రీనివాసరాజుగారు చెప్పందే పెద్దమ్మగారిని ఎక్కడికీ తీసుకెళ్ళనన్నాడు అతను. శ్రీసత్యకి డ్రైవింగు రాదు. ఆటో పిలిస్తే, ఎక్కేలోపే శ్రీనివాసరాజుకి ఫోను వెళ్ళిపోతుంది. నడుద్దామంటే గుమ్మాల దగ్గర బంగారమ్మ కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి, పది నిమిషాలైనా ఊడిరావు. ఇక మిగిలింది సైకిలు.

నవ్వకండి. అదీ ఆ జబ్బులోని విచిత్రమే. అడుగు పడని మనిషి సైకిల్ ఎక్కిస్తే గాలిలా పోతుంది! పుట్టింట్లో రైసుమిల్లు ప్రహరీ లోపల, ఎవరూ చూడకుండా, అన్నదమ్ముల సైకిల్ మీద నేర్చుకుంది చిన్నప్పుడు. ప్రహరీ దాటి మాత్రం ఎన్నడూ తొక్కలేదు. వాళ్ళ కాలంలో రాజుల ఆడవాళ్ళు వీధిలోకి వస్తే తెర కట్టిన బండిలోనే. ఇప్పుడు తెరలు పోయి కార్లొచ్చాయి గానీ, ఆ ఇళ్ళ ఆడవాళ్ళు సైకిల్ మీద వీధిన పడడం ఇప్పటికీ ఎవరూ చూడలేదు. మొన్న వేసవిలో సరదాకి శ్రీసత్య పాత సైకిల్ ఎక్కించి పట్టుకుంటే, ధాన్యం ఆరబోసే కళ్ళం చుట్టూ ఆగకుండా తిరిగింది. డాక్టరుకి ఫోన్ చేసి అడిగితే, 'కొందరికి అలా జరుగుతుందండి, నడకకి పట్టిన బిగుతు పెడల్స్ మీద పట్టదు. కానీ ప్రహరీ లోపలే తొక్కండి, పక్కన మనిషి ఉండాలి' అంది. శ్రీనివాసరాజుకి తెలిసి, 'పడితే ఎముక విరుగుతుంది, నలుగురూ చూస్తే తల తీసేసినట్టవుతుంది' అని మానిపించేశాడు.

మర్నాడు పొద్దున్న శ్రీనివాసరాజు చెరువుల మీదికి వెళ్ళగానే బంగారమ్మ మాత్ర వేసుకుంది, అది పనిచేసేదాకా ఆగింది, ఉతికి ఇస్త్రీ చేసిన గద్వాల చీర కట్టుకుంది. శ్రీసత్య సైకిల్ పట్టుకుని ఎక్కించింది, తను పక్కింటి అమ్మాయి సైకిల్ తీసుకుని పక్కనే బయల్దేరింది. కోడలు సత్యవాణి వంటింట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చి, "అత్తయ్యగారూ! ఆయనకి తెలిస్తే నన్ను బతకనివ్వరండీ!" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"నాకు తెలీకుండా వెళ్ళిపోయారని చెప్పు. దాచడం ఈ ఇంట్లో అందరికీ అలవాటేగా" అంది బంగారమ్మ. పెడల్ మీద కాలు పడింది.

ఆహా, ఆ సైకిల్ గేటు దాటినప్పుడు ఆవిడ గుండె ఎలా కొట్టుకుందో! వీధి మలుపులో టీ బడ్డీ దగ్గర గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. ఒకాయన లేచి నిలబడి మరీ నమస్కారం పెట్టాడు, ఏం చెయ్యాలో తెలీక. "బంగారమ్మగారండోయ్! సైకిల్ మీద!" అన్నాడు ఇంకొకాయన. చెక్కబల్ల మీద కూర్చున్న మూడో ఆయనకి మాత్రం నోరు ఊరుకోలేదు. "మోకాళ్ళు పనిచెయ్యట్లేదన్నారు కదండీ? అంతా నాటకమే అన్నమాట!"

బంగారమ్మ ఆగలేదు. ఆగితే కాళ్ళు మళ్ళీ కదులుతాయో లేదో. శ్రీసత్య మాత్రం తల తిప్పి, "మోకాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయండీ! జబ్బు మెదడుకి. రేపు తీరిగ్గా వచ్చి చెబుతారు!" అని అరిచింది. అలా ఇన్నాళ్ళూ దాచిన సంగతి టీ బడ్డీ దగ్గరే తేలిపోయింది.

కాలువ గట్టు మీద రోడ్డు సాఫీగా ఉంది. ఒక పక్క గుర్రపుడెక్క నిండిన కాలువ, ఇంకో పక్క చెరువుల్లో నీళ్ళు చిమ్ముతున్న ఏరేటర్లు. గాలికి పైట ఎగురుతుంటే బంగారమ్మకి కేక పెట్టాలనిపించింది. 'చూడండ్రా, ఎవరూ పట్టుకోకుండా పోతున్నాను!' అని. వంతెన దాటితే జగపతిరాజుగారి ఊరు.

ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ప్రహరీ గోడకి సైకిల్ ఆనించి, శ్రీసత్య భుజం పట్టుకుని దిగుతున్న బంగారమ్మని చూసి కళ్ళింత చేసుకున్నాడు. పేపరు కిందపడింది. "చెల్లెమ్మగారూ! మీరా? సైకిల్ మీదేంటండీ! రండి, లోపలికి రండి" అని లేచాడు.

బంగారమ్మ వీధి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. గడప చూడగానే కాళ్ళు నేలలో పాతేసినట్టయ్యాయి. నడుం ముందుకి వంగుతోంది, పాదం లేవదు. జగపతిరాజుగారు రెండోసారి రమ్మన్నాడు. మూడోసారి గొంతు మారింది. పిలిచినా గడప తొక్కని చుట్టం కంటే పెద్ద అవమానం ఆయనకి తెలీదు.

"మా గడప తొక్కకూడదనుకుంటే ఇంత దూరం ఎందుకొచ్చారండి?"

"తొక్కాలనే వచ్చానండి" అంది బంగారమ్మ. గొంతు చాల్లేదు. శ్రీసత్య నోరు తెరవబోతే కళ్ళతోనే వారించింది. ఊపిరి నిండా పీల్చుకుని, రైసుమిల్లులో యంత్రాల చప్పుడుని మించి అన్నదమ్ముల్ని పిలిచినట్టు, అరిచింది. "కాళ్ళు రావట్లేదండీ అన్నయ్యగారూ! అహంకారం కాదు. జబ్బు!"

ఆ అరుపుకి లోపల్నుంచి శ్యామలాంబ వచ్చింది. ఆవిడ వెనక కోడళ్ళు, పనివాళ్ళు. ఎవరో చెయ్యి పట్టుకోబోయారు.

"పట్టుకోవద్దు. వదినగారూ, కొంచెం ముగ్గుపిండి తెప్పించండి. నా కాళ్ళ ముందు అడ్డంగా గీతలు గీయించండి. జానెడు దూరానికి ఒకటి. గీత కనపడితే దాటగలను."

శ్యామలాంబ ఎవరికీ చెప్పలేదు. తనే పిండి తెచ్చి, కొంగు దోపుకుని, వంగి, గీతలు గీసింది. గుమ్మం ఇవతల రెండు, గడప మీద ఒకటి, హాల్లో సోఫా దాకా. బంగారమ్మ మొదటి గీత మీద చూపు నిలిపింది. పాదం లేచింది. గీత దాటింది. మరోటి. గడప కూడా దాటి వెళ్ళి, సోఫాలో కూర్చుని, చెమట తుడుచుకుంది. ఇల్లంతా నోరు తెరుచుకుని చూస్తోంది.

అప్పుడు చెప్పింది అంతా. మెదడు పైపొర సంగతి, అడుగున ఉన్న సంసారం సంగతి, లాకు తలుపు సంగతి. వినపడని చోటల్లా శ్రీసత్యని ఆపి, తనే మళ్ళీ చెప్పింది.

"మీ మనవడు మంచినీళ్ళు అందించాడు చూశారా, అప్పుడే నేను ఈ పెళ్ళి అయిపోయిందనుకున్నానండి. అంత ఇష్టం నాకు. నా మొహానికి ఆ సంగతి తెలీదు. నాది మెదడు జబ్బు. పిచ్చి కాదు. మా పిల్లకి వస్తుందని డాక్టరు అనలేదు. ఇవన్నీ విన్నాక ఇష్టమైతే తాంబూలాలకి రండి. లేకపోతే మానేయండి, మాకేం తక్కువ లేదు. కానీ వస్తే మాత్రం నేను ముందు కుర్చీలో కూర్చుంటాను. ఈ మొహంతోనే కూర్చుంటాను."

జగపతిరాజుగారు లేచి వరండాలోకి వెళ్ళాడు. కిందపడ్డ పేపరు తెచ్చి మడతపెట్టాడు. మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. "ఈ సంగతి ఆ రోజే చెప్పాల్సిందండి" అన్నాడు చివరికి.

"చెప్పనివ్వలేదండి. అందుకే ఇవాళ ఇలా రావలసొచ్చింది."

"సరే. మేం ఆలోచించుకుని..."

"ఆలోచించేదేంటండీ!" శ్యామలాంబ చేతికంటిన పిండి దులుపుకుంటూ భర్త మీదికి వచ్చింది. "నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ మీ మొహంలో నవ్వు చూడలేదు. మీకు ఏ జబ్బూ లేదు కూడానండీ! మీరు ఇంకొకరి మొహానికి వంక పెడతారా?"

కోడళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. పనివాళ్ళు గోడ వైపు తిరిగారు. జగపతిరాజుగారు ఒక్క క్షణం ఎర్రబడి, ఆపుకోలేక పక్కున నవ్వేశాడు. దాంతో ఇల్లంతా గొల్లుమంది. నవ్వులు తగ్గాక అందరూ బంగారమ్మ వైపు చూశారు. ఆవిడ మొహం ఎలా ఉన్నది అలాగే ఉంది.

"నేనూ నవ్వుతున్నానండి" అంది ఆవిడ. ఈసారి ఎవరికీ అనుమానం రాలేదు.

టీ బడ్డీ వాళ్ళు ఫోను చెయ్యగా శ్రీనివాసరాజు కారేసుకుని వచ్చేసరికి, తల్లి ముందు పూతరేకుల పళ్ళెం, పక్కన శ్యామలాంబ, 'ఏమీ తినలేదండి మీరు' అంటూ. అతనికి కోపం చెయ్యాలో దణ్ణం పెట్టాలో తెలీలేదు. తల వంచుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. వచ్చే వారం తాంబూలాలకి వస్తున్నామని జగపతిరాజుగారే చెప్పాడు అతనితో.

తాంబూలాల రోజు ఇల్లు కిటకిటలాడింది. బంగారమ్మ ముందు వరసలో కుర్చీలో కూర్చుంది. చూడవచ్చిన చుట్టాల్లో సగంమంది ఆవిడ మొహమే చూశారు. చెవులు కొరుక్కున్నవాళ్ళు కొరుక్కున్నారు. తాంబూలాలు మార్చుకున్నాక రెండు కుటుంబాలనీ నిలబెట్టి ఫోటో తియ్యబోయాడు భీమవరం నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు. అతనికి పాపం ఏమీ తెలీదు.

"మామ్మగారూ, కొంచెం స్మైల్ అండీ!"

హాలంతా బంగారమ్మ వైపు తిరిగింది. శ్రీనివాసరాజు తల్లి చెవి దగ్గరికి వంగాడు. "అమ్మగారూ, ఈ ఒక్క ఫోటోకి. అద్దం ముందు చేశారు కదండీ, అలాగ..."

చెయ్యగలదు. బలమంతా పెడితే పెదాలు సాగుతాయి. ఫోటోలో పళ్ళు కనపడతాయి, చుట్టాలంతా ఊపిరి పీల్చుకుంటారు, కొడుకు గుండె కుదుటపడుతుంది. బంగారమ్మ కొడుకు వైపు చూసింది, మనవరాలి వైపు చూసింది. ఎర్రటి పట్టుచీరలో శ్రీసత్య వెలిగిపోతోంది. ఆ వెలుగు చూస్తుంటే ఆవిడ లోపల సంతోషం పొంగిపోయింది. పొంగి, ఎక్కడి దాకా రాగలదో అక్కడి దాకా వచ్చి ఆగింది.

"నేను నవ్వుతూనే ఉన్నాను బాబూ" అంది, అందరికీ వినపడేలా. "నా నవ్వు ఇదే. తియ్యి."